రికార్డులో 9.8 రాసిన అమ్మాయికి

ప్రశ్న: మేడమ్, నేను ఖమ్మంలో బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. ఫస్టియర్ ల్యాబులో సింపుల్ పెండ్యులంతో గురుత్వ త్వరణం కడితే నాకు 9.2 వచ్చింది, పుస్తకంలో ఉన్నది 9.8. సారు నవ్వి, "రికార్డులో 9.8 వేసెయ్యి" అన్నారు. వేసేశాను. ప్రయోగానికీ సిద్ధాంతానికీ పేచీ వస్తే తప్పు ఎప్పుడూ ప్రయోగానిదేనా? అప్పట్నుంచీ ఇదే పురుగు. ఇలాంటివి చదవాలంటే ఫిలాసఫీ ఆఫ్ సైన్స్‌లోకి వెళ్లమని మా సీనియర్ అక్క అంది. ఇంట్లో చెబితే నాన్న, "ఫిలాసఫీ ఏంది? బీఈడీ చెయ్యి, లేదంటే బ్యాంకు కోచింగుకి పో" అంటున్నారు. ఈ చదువుతో బతకొచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మాయ్, ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన భయంలో అబద్ధం లేదు. నేను డిగ్రీ కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యాను. మొదటి ఏడేళ్లు గంటల లెక్కన జీతం. దసరా సెలవులొస్తే అందరికీ పండగ, నాకు పస్తు. చివరి రోజుల్లో సబ్జెక్టు తీసుకునే పిల్లలు లేక నాచేత నైతిక విలువల పేపరు చెప్పించారు. పోస్టులు తక్కువ, పడేది ఆలస్యంగా. ఇది దాచిపెట్టి నిన్ను ఉత్సాహపరిస్తే నాకు పాపం.

ఇక నీ పురుగు. యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం నడవడం లేదని తేలినప్పుడు, సిద్ధాంతాన్ని వదిలేయడం కన్నా ఇంకేదో గ్రహం దాన్ని లాగుతోందేమో అని చూడటమే మేలనుకున్నాడు ఫ్రెంచి గణితజ్ఞుడు లెవెర్రియే. ఎక్కడ వెతకాలో లెక్కగట్టి చెప్పాడు. 1846లో బెర్లిన్‌లో దుర్భిణి తిప్పితే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడు మొరాయించాడు. అదే మనిషి అదే పద్ధతిలో, సూర్యుడి దగ్గర ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు. ఎంత వెతికినా లేదు. 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్నే మార్చాక గానీ బుధుడి లెక్క కుదరలేదు. మొదటిసారి సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడినవాడు గెలిచాడు, రెండోసారి ఓడాడు. ఇది నెప్ట్యూన్ కథా వల్కన్ కథా అని ముందే ఎలా పోల్చుకోవడం? ఫిలాసఫీ ఆఫ్ సైన్స్‌లో పెద్ద పేర్లయిన పాపర్, కూన్, లకటోష్ జీవితమంతా కొట్టుకున్నది దాదాపు దీనిమీదే. వీళ్లలో కూన్ నీలాగే ఫిజిక్స్ మనిషి. 1949లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ డాక్టరేట్ తీసుకున్నాడు. సైన్సు చదవని పిల్లలకు పాఠం చెప్పాల్సొచ్చి, అరిస్టాటిల్‌ని తిరగేస్తూ ఇటు మళ్లాడు.

ఎపిస్టమాలజీ, అంటే మన ప్రమాణ శాస్త్రం, దీనికి తోబుట్టువు. ఒక సంగతి మనకు "తెలుసు" అనడానికి ఏం కావాలని అడిగే చదువు అది. ఒకసారి అరకు బస్సులో వెళుతూ ఘాటు మలుపులో కొండమీద పొగ చూశాను. "అక్కడెవరో పొయ్యి పెట్టారు" అన్నాను పక్కావిడతో. దగ్గరికెళితే అది పొగమంచు. కానీ మంచు వెనకాల టీ బడ్డీ ఉంది, పొయ్యి నిజంగానే మండుతోంది! నేనన్నది నిజమైంది, నమ్మడానికి నా కారణం నాకుంది, అయినా అది నాకు "తెలిసింది" అనగలనా? 1963లో గెటియర్ అనే అమెరికన్ అధ్యాపకుడు మూడే పేజీల వ్యాసంలో ఇలాంటి చిక్కు రెండు ఉదాహరణలతో చూపించాడు. ఉద్యోగం ఖాయం కావడానికి ఏదో ఒకటి అచ్చు వెయ్యమని తోటివాళ్లు పోరితే రాశాడట. ఆ తర్వాత ఆయన అచ్చు వేసింది దాదాపు ఏమీ లేదు, కానీ ఆ మూడు పేజీల మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. గుప్పిట్లో ఎన్ని గవ్వలున్నాయంటే గుడ్డిగా "అయిదు" అన్నవాడి మాట నిజమైతే అది జ్ఞానమేనా అని 12వ శతాబ్దంలోనే అడిగినవాడు శ్రీహర్షుడు. మన శ్రీనాథుడు తెనిగించిన నైషధం ఆయనదే. కలకత్తాలో పండితుల దగ్గర న్యాయం, అంటే మన తర్కశాస్త్రం, నేర్చి, హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, 1976లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పీఠమెక్కిన బిమల్ కృష్ణ మతిలాల్ ఈ రెండు లోకాలనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

అందుకే నా సలహా: ఫిజిక్స్ వదలకు. నీ పెట్టుబడి అదే. ఫిలాసఫీ ఎంఏకి ఏ డిగ్రీవాళ్లయినా రావచ్చు. సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ప్రయత్నించు. ఎంఏ చేస్తూ అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, న్యాయానికి తొలి వాచకం, గురువు దగ్గర కూర్చుని చదువు. ఆయన తెలుగువాడే, "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అని సామెతకెక్కినవాడు. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేరని. నెట్, అంటే లెక్చరర్ అర్హతకూ రీసెర్చి ఫెలోషిప్పుకూ పెట్టే జాతీయ పరీక్ష, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్, అంటే ఆ ఫెలోషిప్పు, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు. అప్పుడు పీహెచ్‌డీకి ఐఐటీల హ్యుమానిటీస్ విభాగాలు కూడా చూడు.

నాన్నగారితో మాత్రం గడువు పెట్టుకుని మాట్లాడు: ఎంఏ రెండేళ్లు, ఆపైన ఒక్క ఏడాది. ఈలోగా జేఆర్‌ఎఫ్ రాకపోతే ఆయన మాట విని బీఈడీలో చేరు. దానికి నీ బీఎస్సీ అప్పటికీ పనికొస్తుంది. మనసు చంపుకోలేక పదేళ్లు గెస్టు లెక్చరర్లుగా మిగిలిపోయినవాళ్లు నాకు తెలుసు, ఆ లెక్కలో నువ్వొద్దు.

ఇంకోటి. ఆ 9.2 సంగతి తేల్చు. దారం గుండు మధ్యవరకు కొలిచావా, కొక్కెం దగ్గరే ఆగావా? 50 సెంటీమీటర్లు ఉండాల్సిన చోట 47 అని రాస్తే సరిగ్గా 9.2 వచ్చి కూర్చుంటుంది. మీ సారు అడగాల్సింది ఈ ప్రశ్న. ఫైనలియర్‌వి కదా, ల్యాబు తాళం పడకముందే ఇంకోసారి కొలిచి, ఎంతొచ్చిందో నాకో ఉత్తరం ముక్క రాయి.