మంచం మీదున్న అత్తగారు పిలుపుకు అడ్డమా?

ప్రశ్న: అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. ఆర్నెల్లుగా ప్రార్థనలో ఒకటే భారం. ఉద్యోగం మానేసి అనాథ పిల్లల మధ్య పరిచర్య చేయమని దేవుడు పిలుస్తున్నాడనిపిస్తోంది. కానీ అత్తగారు పక్షవాతంతో మంచం మీదున్నారు. ఆమె కోసం ఆగితే పిలుపును తోసేసినట్టేనా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ భారం నిజమైనదేనని నమ్ముతున్నాను. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, నన్ను ఆ పనిలోకి నడిపించిందీ అలాంటి భారమే. కానీ ఉత్తరంలో అత్తగారిని అడ్డంకిగా రాశారు. అది చదివి బాధ కలిగింది.

మార్కు సువార్త 7వ అధ్యాయం తీయండి. తల్లిదండ్రులకు చేయవలసింది ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పించేశాం అని చెప్పి వాళ్లను చూడటం మానేసినవారిని ప్రభువు గట్టిగా గద్దించాడు. ఆయన పేరు చెప్పి ఇంట్లో ముసలివాళ్లను వదిలేయడం ఆయనకు ఇష్టం లేదు.

ఆగినంత మాత్రాన పిలుపును తోసేసినట్టు కాదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ అమెరికా నుంచి మన దేశానికి వచ్చింది జబ్బుపడ్డ తల్లికి సాయంగా. తిరిగి వెళ్లిపోదామనే అనుకుంది. ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మగవాళ్లు తలుపు తట్టారు, ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. డాక్టరైన తన తండ్రిని పంపుతానంటే, పరాయి మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె విన్న పిలుపు అదే. వెళ్లి డాక్టరు చదువు పూర్తిచేసి వచ్చి, 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యశాల మొదలుపెట్టింది. మదర్ థెరిసాకు రైల్లో పిలుపు వచ్చింది 1946లో. కాన్వెంటు వదిలే అనుమతి దొరికింది 1948లో. ఆ తర్వాత కూడా పాట్నాలో నర్సింగు పని నేర్చుకున్నాకే పేదల మధ్యకు వెళ్లారు.

నా సంగతీ చెబుతాను. కొత్తలో మా వార్డులో ఎవరూ చూడటానికి రాని ఒక పెద్దాయన ఉండేవాడు. మనసులో ప్రార్థన చేసుకుంటూ ఆయన పక్క మార్చేదాన్ని. ఓ రోజు ‘నా పేరేంటో అడగలేదమ్మా నువ్వు’ అన్నాడు. ఆ రాత్రి మత్తయి 25 చదువుతుంటే కన్నీళ్లాగలేదు. అల్పులైనవారికి చేసినది తనకు చేసినట్టేనన్నాడు ప్రభువు. నేనేమో ఆయన పేరు కూడా అడగలేదు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. దగ్గర్లో పిల్లల హాస్టల్ ఉంటే, నడిపేవాళ్లను ఏం కావాలో అడిగి వారానికి రెండు గంటలు ఇవ్వండి. నాలుగు నెలలు రోజూ వచ్చి మాయమయ్యే అక్క కంటే, వారానికోసారైనా తప్పక వచ్చే అక్కే ఆ పిల్లలకు కావాలి. విడిచిపెట్టడమంటే ఏంటో వాళ్లకు ముందే తెలుసు.

ఇక అత్తగారి విషయం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. ఎర్రబడితే రుద్దకండి, అక్కడ బరువు పడకుండా పడుకోబెట్టి నర్సుకో డాక్టరుకో చూపించండి. తిప్పేముందు ఒక మాట ఆమెతో చెప్పి తిప్పండి.