ట్యాంగ్ వెనక వెంట్రుకంత పగులు

ప్రశ్న: అన్నా, నమస్తే. పన్నెండేళ్లుగా అలాస్కాలో, యాంకరేజ్‌లో ఉంటున్నాం. మూస్ అనే పెద్ద దుప్పి వేటకి ఇన్నాళ్లూ .30-06 రైఫిల్‌తోనే వెళ్లాను. ఎలుగుబంట్లు బాగా తిరిగే చోట్లకి కూడా వెళ్తున్నాం కదా అని పోయిన ఏడాది .375 హెచ్ అండ్ హెచ్ రైఫిల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వాల్‌నట్ స్టాక్ (ఇనుమంతా కూర్చునే కట్టె), చూడ్డానికి చాలా బాగుంటుంది. ముప్పై నలభై తూటాలు కాల్చానో లేదో, ఇనుప భాగానికి వెనక తోకలా ఉండే ట్యాంగ్ వెనకాల వెంట్రుకంత పగులు కనిపించింది. రేంజ్‌లో ఒకాయన రెండు క్రాస్ బోల్టులు (చెక్కలో అడ్డంగా దించే ఇనప కడ్డీలు) వేస్తే సరిపోతుందన్నాడు, ఇంకొకాయన ఈ కర్ర తీసేసి ఫైబర్‌గ్లాస్‌ది కొనమన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, యాంకరేజ్

జవాబు: తమ్ముడూ, ముందు దాన్ని కాల్చడం ఆపండి. ఇంకో పది తూటాలు కాలిస్తే ఆ వెంట్రుక గ్రిప్ (చేత్తో పట్టుకునే మెడ) దాకా పాకుతుంది, అప్పుడు చెక్కని కాపాడటం చాలా కష్టం.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ పగులుకి మందు చెప్పారు గానీ, అది ఎందుకు వచ్చిందో చూడలేదు. .30-06 వెనక్కి తన్నేది సుమారు 20 ఫుట్ పౌండ్ల శక్తితో అనుకుంటే, మీ .375 దాదాపు 40 తన్నుతుంది, .458 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అయితే 60 దాటుతుంది. ఆ తన్నంతా స్టాక్‌లోకి వెళ్లాల్సింది ఒకే ఒక్క చోట నుంచి. రిసీవర్ (బ్యారెల్ వెనకుండే ఇనప పెట్టె) ముందు భాగంలో కింద దంతంలా ఉంటుందే, రీకాయిల్ లగ్, దాని వెనక ముఖం నుంచి. ఆ ముఖం చెక్కకి పూర్తిగా ఆనుకుని ఉంటే ఎంత తన్నినా కట్టె తట్టుకుంటుంది. ఆనకపోతే, ఒక మూలే ఆనితే, రిసీవర్ మొత్తం వెనక్కి జరిగి ట్యాంగ్ వెళ్లి గ్రిప్ మొదట్లో ఉన్న సన్నటి మెడకి గుద్దుకుంటుంది. మొద్దు చీల్చేటప్పుడు ఇనప మేకు దిగ్గొడతాం చూడండి, అచ్చం అదే పని. మీ పగులు సరిగ్గా అక్కడే ఉందంటే నాకు ముందు అనుమానం వచ్చేది లగ్ మీదే.

నేను ఈ తప్పు చేసినవాణ్ణే. నా మొదటి .458 కి బెడ్డింగ్ (ఇనుము చెక్కలో సరిగ్గా కూర్చోవడం) చూసుకోకుండా ముందే రెండు క్రాస్ బోల్టులు వేసి, ఇక టెన్షన్ లేదనుకున్నాను, ఒక్క సీజన్‌లో ట్యాంగ్ దగ్గర మొదలై గ్రిప్ సగం దాకా చీలింది. ఆకులు వదులుగా ఉన్న బండి చక్రానికి ఎంత గట్టి ఇనప పట్టా ఎక్కించినా నిలవదు కదా, అలాగన్నమాట.

కాబట్టి తూటాలన్నీ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రైఫిల్ బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ, క్రాస్ బోల్టు కాదు) తీసి పక్కన పెట్టి, స్టాక్ విప్పండి. లగ్ వెనక ముఖానికి పల్చగా కాటుక పూయండి (లిప్‌స్టిక్ అయినా పర్లేదు), మళ్లీ బిగించి, విప్పి, చెక్క మీద మరక ఎక్కడ పడిందో చూడండి. మరక ఒక మూలే పడిందంటే దోషం దొరికినట్టే. ట్యాంగ్ వెనక అంచుకీ చెక్కకీ మధ్య సందు ఉందో లేదో కూడా చూడండి. అక్కడ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఖాళీ ఉండాలి. లేకపోతే బెడ్డింగ్ అయ్యాక పదునైన ఉలితో కొంచెం కొంచెంగా గీకి చేసుకోవాలి, మరీ ఎక్కువ కాదు.

ముందు పగులు సంగతి. పాత రైఫిళ్లలో ట్యాంగ్ కింద చెక్క ఏళ్ల తరబడి నూనె తాగి మెత్తబడి ఉంటుంది, నూనె ఉన్న చోట జిగురు అంటదు. అసిటోన్‌తో నాలుగైదుసార్లు తుడిచి, ఆరనిచ్చి, హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, పల్చటి ఎపాక్సీ జిగురు లోపలికి పోనివ్వండి. వేడికి అది నీళ్లలా లోపలికి జారుతుంది. పైన పాత సైకిల్ ట్యూబు ముక్కని సాగదీసి బిగుతుగా చుట్టి ఒక రోజు వదిలేయండి.

తర్వాత బెడ్డింగ్. లగ్ వెనకాల రెండు మూడు మిల్లీమీటర్ల చెక్క తీసి ఆ చోట్లో గట్టి ఎపాక్సీ, స్టీల్ పొడి కలిపినదైతే మరీ మంచిది, నింపి రిసీవర్‌ని దాంట్లో కూర్చోబెట్టాలి. లగ్ ముందు, పక్కల, అడుగున ఒక వరస టేపు అంటించండి, అప్పుడు గట్టిపడ్డాక వెనక ముఖం ఒక్కటే ఆనుతుంది, మిగతా వైపుల సన్నటి ఖాళీ మిగులుతుంది. ఇనుము మీద ప్రతి చోటా రిలీజ్ ఏజెంట్ (ఎపాక్సీ అంటకుండా చేసేది) రెండు పూతలు పూయండి, రంధ్రాల్లో, సందుల్లో పిల్లలు ఆడుకునే మట్టిముద్ద కూరండి. ఒక్క చోట మరిచిపోయినా ఇనుమూ కట్టే ఒకటైపోతాయి, నేను చూశాను, చివరికి స్టాక్ నరికి తీయాల్సి వచ్చింది.

ఇవన్నీ అయ్యాకే క్రాస్ బోల్టులు. మీ రేంజ్ మిత్రుడి మాట తప్పు కాదు, ఆయన చెప్పింది రెండో పని, అంతే. ఒకటి లగ్ వెనకే అడ్డంగా, రెండోది మ్యాగజైన్ గాడికీ ట్రిగ్గర్ గాడికీ మధ్య మిగిలే పల్చటి చెక్కలో. తన్ను తగిలినప్పుడు ఈ రెండు చోట్లా స్టాక్ పక్కలకి ఉబ్బి విడిపోవాలని చూస్తుంది, బోల్టు ఎడమని కుడిని పట్టి ఉంచుతుంది. గ్రిప్‌కి ఇంకో బలం కావాలంటే ట్యాంగ్ గాడి లోపల నుంచి వెనక్కి ఏటవాలుగా రంధ్రం చేసి, 6 మిల్లీమీటర్ల మరలు ఉన్న స్టీల్ కడ్డీని ఎపాక్సీతో దించుతారు. మీకు ఇప్పటికే పగులు ఉంది కాబట్టి నేనైతే తప్పక వేయిస్తాను. కానీ ఈ రంధ్రం చేత్తో చేయకండి, డ్రిల్ కాస్త పక్కకి పోయినా గ్రిప్ బయటికి వచ్చేస్తుంది, ఈ ఒక్క పనికి స్టాక్ పని తెలిసిన గన్‌స్మిత్‌కి ఇచ్చేయండి. బ్యారెల్ కింద రెండో లగ్ మాత్రం .416 రిగ్బీ, .458 లాంటివాటికి చూస్తాం, మీ .375కి అక్కర్లేదు.

ఇక ఫైబర్‌గ్లాస్. అలాస్కా వానలో తిరిగే మనిషికి ఆ సలహా మంచిదే, వాల్‌నట్ తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, లోపలి గాడులకి పాలిష్ వేయకపోతే మరీనూ. అయితే ఫైబర్‌గ్లాస్‌కీ లగ్ సరిగ్గా ఆనాల్సిందే. మీకు ఆ చెక్క మీద మనసు ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది, మరమ్మతు చేసుకుని ఉంచుకోండి.

ఇంకో మాట. రైఫిల్ ఇనుముకి నూనె వేశాక కొన్నాళ్లు గొట్టం కిందికి ఉండేలా నిలబెట్టండి, అప్పుడు మిగిలిన నూనె ట్యాంగ్ వైపు కారదు.

ప్రశ్న: మా తాతగారి నాటి వేట రైఫిల్ లైసెన్సుతో సహా నాన్నగారి పేరు మీదకి వచ్చింది. వేట ఎలాగూ లేదు, జ్ఞాపకంగా ఉంచుకున్నాం. స్టాక్ మెడ దగ్గర చీలింది. నేను కార్పెంటరీ బాగానే చేస్తాను, ఎపాక్సీతో నేనే అతికించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: వద్దు బాబూ. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట ఆగిపోయింది గానీ, తుపాకీ తుపాకీయే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీల రిపేరు చేయడానికి వేరే లైసెన్సు కావాలి, నాన్నగారి దగ్గర ఉన్నది ఉంచుకోవడానికి ఇచ్చింది. ఆ పని చేసే లైసెన్సున్న డీలర్ దగ్గరికి నాన్నగారే కాగితాలతో తీసుకెళ్లాలి, మీరు ఒక్కరే పట్టుకుని వెళ్లకండి. అక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే, పాత పూత గీకి కొత్త పాలిష్ కొట్టొద్దని, మెడ మీద చేత్తో కోసిన గళ్ల నగిషీని ఇసుక కాగితంతో రుద్దొద్దని. అది పోతే మీ తాతగారి చెయ్యి పడిన చోటు పోయినట్టే.