సీ డ్రైవ్ నిండితే ముందు హైబర్నేషన్ ఫైల్ తీసెయ్

తమ్ముడూ, బొబ్బిలిలో మీ జిరాక్స్ షాపు డెస్క్‌టాప్‌లో సీ డ్రైవ్ గీత ఎర్రగా మారిందని, పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అనే రెండు పెద్ద ఫైళ్లు డిలీట్ కావట్లేదని రాశావు. టెన్షన్ పడకు. అవి విండోస్ వాడుకునేవి, నేరుగా డిలీట్ కావు.

హైబర్‌ఫిల్ హైబర్నేషన్ కోసం, అంటే తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి సిస్టమ్‌ని ఆపేయడానికి. విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే నీ 8 జీబీకి 3 జీబీ పైమాటే. డెస్క్‌టాప్‌కి దాని అవసరం పెద్దగా లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ (powercfg /h off) అని ఇంగ్లిష్‌లో కొట్టు. ‘/’కి ముందు, ‘ఆఫ్’కి ముందు స్పేస్ ఉండాలి. ఫైలు వెంటనే పోతుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది కాబట్టి పొద్దున్న సిస్టమ్ ఆన్ కావడానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది.

పేజ్‌ఫైల్‌ని మాత్రం పూర్తిగా తీసేయకు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ దాన్నే అదనపు మెమరీగా వాడుకుంటుంది. కస్టమర్లు నిలబడి ఉండగా బ్రౌజర్, ఫోటోషాప్ కలిపి తెరిస్తే ర్యామ్ చాలక ప్రోగ్రామ్‌లు మూసుకుపోవచ్చు. డీ డ్రైవ్‌లో ఖాళీ ఉంటే వర్చువల్ మెమరీ సెట్టింగ్స్‌లో పేజ్‌ఫైల్‌ని అక్కడికి మార్చి రీస్టార్ట్ చెయ్యి.