బీచ్‌లో స్విమ్‌సూట్ మీద వేసుకోవడానికి ఎలాంటి వస్త్రం నప్పుతుంది?

భుజాల దగ్గర సరిగ్గా అమరి, కింద వదులుగా ఉండి, తడిసినా ఒంటికి అంటుకోని ముదురు రంగు వస్త్రం చాలామందికి నప్పుతుంది. ఇక్కడ కొలతల కన్నా బట్ట స్వభావమే ముఖ్యం. పల్చటి రేయాన్ పొడిగా ఉన్నప్పుడు అందంగా జాలువారుతుంది గాని, నీటిని బాగా పీల్చుకొని బరువెక్కడం వల్ల తడిసిన వెంటనే నడుముకూ తొడలకూ అతుక్కుని, మనం కప్పాలనుకున్నదాన్నే ఎత్తి చూపుతుంది. కాస్త గరుకుగా ఉండే లినెన్, ముడతల నేత నూలు బట్ట చర్మాన్ని అక్కడక్కడ మాత్రమే తాకుతాయి కాబట్టి లోపల గాలి ఆడుతుంది, త్వరగా ఆరుతాయి కూడా.

ఉదాహరణకు, మే నెలలో విశాఖపట్నంలోని రుషికొండ తీరానికి వెళ్లేవారికి ముంజేతుల వరకు చేతులు, పక్కల చీలికలు ఉండి, మోకాలికి కాస్త పైన ఆగే ముదురు నీలం లినెన్ కుర్తా చక్కగా సరిపోతుంది. ఇంట్లో అలాంటిది ఉంటే కొత్తది కొనాల్సిన పనే లేదు. పొట్టిగా ఉన్నవారిని ఆ పొడవు కాస్త ఎత్తుగా చూపుతుంది. పాదాల దాకా జీరాడే కాఫ్తాన్ ఫొటోల్లో బాగుంటుంది, కానీ దాని అంచు తడి ఇసుకను ఈడ్చుకుంటూ వస్తుంది.

తెల్లటి పల్చటి నూలు బట్ట ఎండను బాగా ఆపుతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. తెలుపు వేడిని తగ్గిస్తుందే తప్ప అతినీలలోహిత కిరణాలను పెద్దగా అడ్డుకోదు, తడిస్తే ఆ కాస్త రక్షణా తగ్గిపోతుంది. బట్ట ఈ కిరణాలను ఎంతవరకు ఆపుతుందో చెప్పే కొలమానం యూపీఎఫ్; యూపీఎఫ్ 50 అని ముద్రించిన బట్ట ఆ కిరణాల్లో సుమారు 2 శాతాన్నే లోపలికి రానిస్తుంది. మామూలు తెల్ల నూలు బట్ట వేసుకుంటే మాత్రం దాని కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి.