ఆవిరి యుద్ధనౌకలు: రేటు, తరగతి, లైట్

సందేహం: పాత ఆవిరి యుద్ధనౌకల మీద వచ్చే అనువాదాల్లో థర్డ్ రేట్, థర్డ్ క్లాస్ రెంటినీ ‘మూడో శ్రేణి’ అంటున్నారు. ఫ్రిగేట్‌నూ, లైట్ క్రూజర్‌నూ ‘చిన్న యుద్ధనౌక’ అంటున్నారు. ఇది సరైనదేనా?

సమాధానం: సరి కాదు. ఒక్కో మాట వెనక ఒక్కో కొలత ఉంది.

‘రేటు’ తెరచాపల కాలం నుంచి బ్రిటిష్ నౌకాదళంలో ఉన్న లెక్క. ప్రధానంగా ఫిరంగుల సంఖ్యను బట్టి ఆరు రేట్లు. కెప్టెన్ జీతమూ ఆ రేటును బట్టే. 74 ఫిరంగుల ఓడ మూడో రేటుది. యుద్ధపంక్తికి, అంటే బారులు తీరి పోరాడే పెద్ద ఓడల వరసకు, అదే వెన్నెముక. మన వాడుకలో థర్డ్ రేట్ అంటే నాసిరకం కనుక, ‘మూడో రేటు ఓడ’ అని రాసి ఫిరంగులెన్నో వెంటనే చెప్పాలి. ఆవిరి యంత్రాలు వచ్చాకా ఈ పద్ధతి కొన్నాళ్లు సాగింది: 1852లో జలప్రవేశం చేసిన ‘డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్’ అనే ఓడ 131 ఫిరంగులతో మొదటి రేటు.

ఈ లెక్క పనికిరాకుండా చేసింది 1860 నాటి ‘వారియర్’ అనే బ్రిటిష్ ఆవిరి యుద్ధనౌక. దాని ఫిరంగులు 40. ప్రధాన ఫిరంగుల అంతస్తు ఒక్కటే కనుక ఫ్రిగేట్ అన్నారు. బరువు మాత్రం 9,000 టన్నుల పైనే, ఒంటికి నాలుగున్నర అంగుళాల ఇనుప కవచం. దీన్ని ‘చిన్న యుద్ధనౌక’ అంటే అర్థం తలకిందులవుతుంది. దాని యంత్రానికి రాసే 1,250 నామినల్ హార్స్ పవర్ కూడా సిలిండర్ల కొలతలతో కట్టిన కాగితపు లెక్కే. పరీక్షల్లో యంత్రం నిజంగా ఇచ్చిన శక్తి (ఇండికేటెడ్ హార్స్ పవర్) 5,000 దాటింది. ఏ హార్స్ పవరో చెప్పకుండా అంకె వేయకూడదు.

‘తరగతి’ తర్వాతి మాట. 1887లో బ్రిటిష్ నౌకాదళం ఫ్రిగేట్, కార్వెట్ (ఫ్రిగేట్ కన్నా చిన్న యుద్ధనౌక) పేర్లు తీసేసి, వాటిని క్రూజర్లని పిలిచి, క్రూజర్లను మూడు తరగతులు చేసింది. 7,000 టన్నులు దాటిన ఎడ్గార్ మొదటి తరగతి, సుమారు 2,500 టన్నుల పెర్ల్ మూడో తరగతి. అనువాదకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘ఎడ్గార్ క్లాస్’లో క్లాస్ అంటే స్థాయి కాదు, ఒకే నమూనాలో కట్టిన ఓడల వరస. ‘ఎడ్గార్ నమూనాకు చెందిన మొదటి తరగతి క్రూజర్’ అంటే రెండూ విడివిడిగా తెలుస్తాయి. రెండుచోట్లా ‘తరగతి’ వేస్తే వాక్యం ముడిపడిపోతుంది.

ఇక ‘లైట్’. నౌకాదళాలకు హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందం క్రూజర్లను విడదీసింది ఫిరంగి గొట్టం వ్యాసాన్ని బట్టి. 6.1 అంగుళాలు మించితే హెవీ, లోపైతే లైట్. అందుకే 8 అంగుళాల ఫిరంగులున్న ఎక్సెటర్ 8,400 టన్నులైనా హెవీ; 6 అంగుళాల ఫిరంగుల బెల్‌ఫాస్ట్ 10,000 టన్నులైనా లైట్. కనుక ‘తేలికపాటి’ అని తెనిగించక, లైట్ క్రూజర్ అనే ఉంచి ఫిరంగి కొలత పక్కన రాయండి.