కుక్కర్ కొన్నావట, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

మధురవాడ రూములో రోజూ రాత్రి బయటి తిండి ఆర్డర్ పెట్టుకోవడం మానేసి, 3 లీటర్ల కుక్కర్ కొన్నావట. ఇకనుంచి కూరగాయల సూప్ చేసుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషమేసింది, మీ అత్త దగ్గర గొప్పలు కూడా పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ చేసి చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

సూప్‌దేముందిరా. రైతు బజార్‌కి వెళ్లి క్యారెట్, బీన్స్, సొరకాయ, టమాటా, ఉల్లి, వెల్లుల్లి తెచ్చుకో. చిక్కదనానికి గుప్పెడు పెసరపప్పు వెయ్యి, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. రెండు విజిల్స్ చాలు. ఉడికించిన నీళ్లు పారబొయ్యకు, కూరగాయల్లోంచి దిగిన విటమిన్లు కొన్ని అందులోనే ఉంటాయి. పాలకూర దింపాక వేస్తే ఆ వేడికే మగ్గిపోతుంది. నిమ్మరసం గిన్నెలో పోసుకున్నాకే. పాడేరు మిరియాలు మీ అత్త పొట్లం కట్టి ఉంచింది, వచ్చి పట్టుకెళ్లు.

నా బెంగంతా ఆవిరి గురించే. ఉద్యోగమంతా బాయిలర్ల దగ్గరే చేసినవాణ్ని. నీళ్లు ఆవిరైతే సుమారు 1600 రెట్లు జాగా కావాలంటాయి. మూత రంధ్రం మీద పెట్టే వెయిట్, అదే విజిల్, లేచినప్పుడు గమనించు, రంధ్రానికి ఆనుకుని కాస్త మేర ఏమీ కనబడదు, దానిపైన తెల్లగా పొగలా ఉంటుంది. ఆ కనబడనిదే అసలు ఆవిరి. చెయ్యి పెట్టావో, మరుగునీళ్ల కన్నా ఘోరంగా కాలుస్తుంది.

మీ అమ్మ నీకు చెప్పని కథ ఒకటుంది. గాజువాకలో మా ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వేడిగా సూప్ పెడదామని ఎర్ర మసూర్ పప్పు, టమాటాలు మెడదాకా నింపి మూత పెట్టింది. పప్పు నురగ పొంగి రంధ్రానికి అడ్డం పడింది. ఎంతసేపటికీ విజిల్ రాలేదు. స్టవ్ ఆపి, వెయిట్ తీసి చూసింది. సుయ్ మని కూడా అనలేదు. ఆవిరి లేదనుకుంది పిచ్చిది. మూత రాకపోతే పప్పుగుత్తితో పిడి మీద నాలుగు కొట్టింది. లోపల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కి ఉంటాయి. మూత వదలగానే ఒత్తిడి పోయి అన్నీ ఒక్కసారిగా మరిగి ఎగజిమ్మాయి. మూత కప్పుకి తగిలింది, పప్పు ఫ్యాన్ రెక్కల దాకా. ఎడమ చెయ్యి మోచేతి వరకు బొబ్బలు. ఆస్పత్రిలో కట్టు కడుతున్నంతసేపూ "అన్నయ్యా, నువ్వింకా అన్నం తినలేదు కదా" అంటూనే ఉంది. ఫొటోల్లో ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంటుంది, ఎప్పుడైనా చూశావా? చూసుండవు, నీ సెల్ఫీలు నీకే చాలు.

అందుకే చెబుతున్నాను. కుక్కర్ అరిస్తే భయం లేదు, అరవకపోతేనే భయం. మూత పెట్టేముందు వెలుతురుకేసి పట్టుకుని రంధ్రంలోంచి అవతలికి కనబడుతోందో లేదో చూడు. మూత బిగించాక వెయిట్ వెంటనే పెట్టకు. రంధ్రంలోంచి ఆవిరి ధారగా రానీ, అప్పుడు పెట్టు. దారి తెరిచే ఉందనడానికి అదే సాక్ష్యం. పప్పు వేస్తే సగం దాటకూడదు, ఉత్త కూరగాయలైతే మూడింట రెండొంతులు. విజిల్ రాకపోతే స్టవ్ ఆపేసి అవతలికి పో. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకు. ఆకలేస్తే అరటిపండు తిను. మూత దానంతటది వదులైతేనే తియ్యి. గాస్కెట్, అదే మూతలోని రబ్బరు రింగు, గట్టిపడినా, పగిలినా మార్చు. సేఫ్టీ వాల్వ్ మాత్రం ఆ కంపెనీదే వేయించు, ఏదో ఒకటిలే అనుకోకు.

వేడి సూప్‌ని మిక్సీ జార్‌లో పోసి మూత బిగించి తిప్పావంటే అదీ ఓ చిన్న బాయిలరే. చల్లారనిచ్చి, సగం జార్ పోసి తిప్పు. లేదా పప్పుగుత్తితో మెదిపేసుకో. పప్పుగుత్తి ఉన్నది అందుకే, మూతలు కొట్టడానికి కాదు.

నీకు వంట రాదని కాదురా. మొన్న నువ్వు చేసిన ఉప్మా మీ అత్త ఇంకా తలుచుకుంటోంది. ఆదివారం నేనొస్తాను. కొత్త కుక్కర్ నేను చూశాకే స్టవ్ ఎక్కించు. ఈ కథ నేను చెప్పానని మీ అమ్మతో అనకు.

మావయ్య