టెక్ సందేహాలు: కొత్త సాఫ్ట్‌వేర్ కొనే ముందు మీ దగ్గరున్నది చూశారా?

రాయగడ నుంచి ఒక పాఠకుడు: నలుగురం కలిసి సామలు, చోళ్లకు పొట్టు తీసే మెషీన్లు తయారుచేస్తున్నాం. ఒక సెకండ్‌హ్యాండ్ త్రీ యాక్సిస్ వీఎంసీ (మూడు దిశల్లో కదులుతూ ప్రోగ్రాం ప్రకారం లోహాన్ని కోసే మెషీన్) ఉంది, దాన్ని నడిపే కంప్యూటర్ ఫానుక్ కంట్రోలర్. డిజైన్ సాలిడ్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఏటా సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాం. ప్రోగ్రాములు మాత్రం మా మామయ్య ప్యానెల్ మీదే కొడతారు. ఆర్డర్లు పెరిగాయి, ఆయన ఒక్కరివల్ల కావడం లేదు. డిజైన్ నుంచి ప్రోగ్రాం తీసే క్యామ్ సాఫ్ట్‌వేర్లలో ఫ్యూజన్ ఉచితమని ఒకరు, మాస్టర్‌క్యామ్‌కి తిరుగులేదని ఇంకొకరు అంటున్నారు. ఒకాయన క్రాక్ కాపీ ఐదు వేలకే వేసిపెడతానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

ముందు క్రాక్ సంగతి. దాంట్లోని పోస్ట్ ప్రాసెసర్‌ను ఎవరు ఎలా మార్చారో మీకు తెలియదు. మీరు గీసిన టూల్ దారిని మీ ఫానుక్‌కు అర్థమయ్యే జీ-కోడ్‌గా, అంటే మెషీన్ ఆదేశాలుగా, మార్చేది అదే. ఈ కోడ్ తప్పితే ఏమవుతుందో విశాఖలో ఒక షెడ్డులో నేను కళ్లారా చూశాను. ప్రోగ్రాంలో జీ43, అంటే టూల్ పొడవును లెక్కలోకి తీసుకోమనే ఆదేశం, రాలేదు. టూల్ తిన్నగా, ముక్కను బిగించే వైస్‌లోకి దిగింది. టూల్‌ను తిప్పే స్పిండిల్ బేరింగులు పోయాయి. ఆ బిల్లు ముందు ఐదు వేలు ఏపాటి?

ఇక మీ ఉత్తరంలో నాకు ఆశ్చర్యం కలిగించింది సాలిడ్‌వర్క్స్ ముక్క. సబ్‌స్క్రిప్షన్ నడుస్తుంటే సాలిడ్‌వర్క్స్ క్యామ్ స్టాండర్డ్ మీకు అందులోనే వస్తుంది. 2018 వెర్షన్ నుంచీ ఇస్తున్నారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టిక్ పెట్టలేదేమో చూడండి. అది 2.5 యాక్సిస్ మిల్లింగ్ చేస్తుంది, అంటే పాకెట్లు, రంధ్రాలు, అంచులు. బేరింగ్ హౌసింగులు, సైడ్ ప్లేట్లు, ఫ్లాంజీలకు అది చాలు. మీ పనిలో ఎక్కువ భాగం ఇవే అయి ఉంటాయి.

వంపు తిరిగిన అచ్చులు మొదలుపెట్టినప్పుడు ఇది సరిపోదు. అప్పుడు ఫ్యూజన్ డబ్బు కట్టి తీసుకోండి. ఆ ‘ఉచితం’ సొంత సరదా పనులకు, వ్యాపారానికి కాదు. పైగా ఉచితంలో రాపిడ్ కదలికలు (కోయకుండా ఒక చోటినుంచి ఇంకో చోటికి వేగంగా వెళ్లేవి) కూడా కటింగ్ వేగంతోనే నడుస్తాయి, ఆటోమేటిక్ టూల్ ఛేంజ్ రాదు. రోజుకు పది జాబులు (మెషీన్ మీద చేసే ముక్కలు) దింపాల్సిన చోట అది నరకం. ఖర్చే పెట్టలేమంటే ఫ్రీక్యాడ్ ఉంది. వ్యాపారానికి కూడా నిజంగానే ఉచితం, కాకపోతే నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మాస్టర్‌క్యామ్ మంచిదే. రెండో మెషీనో, ముక్కను తిప్పే ఫోర్త్ యాక్సిసో వచ్చాక ఆలోచించండి.

ఏది ఎంచుకున్నా అమ్మేవాణ్ని షెడ్డుకు రమ్మనండి. మీ ప్లేట్ ఒకటిచ్చి మీ కంట్రోలర్‌కే కోడ్ తీయించండి. మొదట ముక్క లేకుండా గాలిలో, సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరసే నడిచేలా) నడపాలి. పక్కన మామయ్య నిలబడాలి, వేగం తగ్గించే ఫీడ్ నాబ్ మీద ఆయన చెయ్యి ఉండాలి. జీ-కోడ్ చదవగలిగిన మనిషి ఉండడం మీ అదృష్టం, ఆయన్ని పక్కన పెట్టకండి. కొత్తగా కుర్రాణ్ని తీసుకుంటే భువనేశ్వర్‌లోని శిక్షణ సంస్థ సెంట్రల్ టూల్ రూమ్‌లో నేర్చుకున్నవాళ్లను అడిగి చూడండి.

పర్లాకిమిడి నుంచి మరొకరు: క్యామ్‌లో తీసిన ప్రోగ్రాం మెషీన్‌లో పట్టడం లేదు. ప్యానెల్‌లో ‘40 మీటర్లు’ అని ఉంది. ఏమిటిది?

అది పాత పేపర్ టేపు కొలత. అంగుళానికి పది అక్షరాల లెక్కన 40 మీటర్లంటే సుమారు 16 కేబీ. పెన్‌డ్రైవ్ పుట్టక ముందు సంగతి! వంపుల ప్రోగ్రాం వందల కేబీ ఉంటుంది, అంతా ఒకేసారి ఎక్కదు. క్యామ్‌లో టాలరెన్స్ (అసలు ఆకారానికి ఎంత తేడా ఉండొచ్చో చెప్పే అంకె) 0.001 పెట్టి ఉంటే 0.01 చేసి చూడండి, జాబ్ ఒప్పుకుంటే వరసలు బాగా తగ్గుతాయి. అప్పటికీ పట్టకపోతే ఆర్ఎస్-232 కేబుల్‌తో లాప్‌టాప్ నుంచి కొంచెం కొంచెంగా పంపే డీఎన్‌సీ పద్ధతి ఉంది. స్క్రీన్ పక్కన మెమరీ కార్డు స్లాటు ఉంటే ఇంకా సులువు. ఫానుక్‌లో కార్డు చదవాలంటే 20వ పారామీటర్ (కంట్రోలర్ సెట్టింగ్) 4 ఉండాలి. మార్చే ముందు పాత అంకె తలుపు మీద చాక్‌పీస్‌తోనైనా రాసిపెట్టుకోండి.